ఎంగ్రేవర్‌తో వచ్చిన ఆకుపచ్చ అద్దాలు సరిపోతాయా? మీ లేజర్‌కి తగిన అద్దాలు ఎంచుకోవడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 10 వాట్ల డయోడ్ లేజర్ ఎంగ్రేవర్ (కాంతితో చెక్క మీద బొమ్మలు, అక్షరాలు వేసే మెషీన్) కొన్నారు. డబ్బాలో ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ అద్దాల జత వచ్చింది. అవి చాలవని ఎవరో అన్నారు, నిజమా అని అడుగుతున్నారు. కొన్నాళ్లకి స్టీలు గిన్నెల మీద పేర్లు వేయడానికి 20 వాట్ల ఫైబర్ లేజర్ మెషీన్ కూడా తీసుకోవాలనుకుంటున్నారు, దానికీ ఇవే పనికొస్తాయా అన్నారు. పని చేసేది ఇంట్లో హాల్లోనే అనీ, ఏడేళ్ల పాప అటూ ఇటూ తిరుగుతుంటుందనీ చివర్లో ఒక్క వాక్యం రాశారు. నాకు అన్నిటికంటే ఆ వాక్యమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ముందు సూటిగా జవాబు. ఆ ఆకుపచ్చ అద్దాలు ఈరోజు నుంచే పక్కన పెట్టేయండి. ఫైబర్‌కి పూర్తిగా వేరే అద్దాలు కావాలి. పాప విషయం అద్దాలతో తీరేది కాదు, మెషీన్‌కి డబ్బా కట్టాలి. ఎందుకో వివరంగా చెబుతాను. నేను పన్నెండేళ్లు ఒక కాలేజీ ఆప్టిక్స్ ల్యాబ్‌లో పనిచేశాను, ఇప్పుడు ఆరేళ్లుగా ఎంగ్రేవింగ్ పనే చేస్తున్నాను. ఈ రెండు చోట్లా చూసినవే రాస్తున్నాను.

"లేజర్ అద్దాలు" అని ఒక వస్తువు లేదండి. ఒక్కో లేజర్ ఒక్కో తరంగదైర్ఘ్యంలో కాంతినిస్తుంది, అద్దం ఏ తరంగదైర్ఘ్యాన్ని ఆపడానికి చేశారో దాన్నే ఆపుతుంది. మీ డయోడ్ మెషీన్ ఇచ్చేది నీలి కాంతి, 445 నుంచి 455 నానోమీటర్ల మధ్య. మీరు కొనబోయే ఫైబర్ ఇచ్చేది 1064 నానోమీటర్లు, అది కంటికి కనిపించదు. యాక్రిలిక్ కోసే సీఓ2 మెషీన్‌ది 10,600 నానోమీటర్లు, అదీ కనిపించదు. నీలిని బ్రహ్మాండంగా ఆపే నారింజ రంగు అద్దం 1064ని ఏమాత్రం ఆపకుండా వదిలేయవచ్చు. అందుకే కొనేముందు మెషీన్ మీద అతికించిన పసుపు స్టిక్కర్ చూడండి, లేకపోతే మాన్యువల్ తెరవండి. అందులో తరంగదైర్ఘ్యం ఎంతో రాసుకోండి. ఆ అంకె తెలియకుండా అద్దాలు కొనడం అంటే పవర్ చెప్పకుండా కళ్లజోడు తెచ్చుకోవడమే.

రెండో అంకె పవర్. ఇక్కడ అమ్మేవాళ్లు చాలా గందరగోళం చేస్తారు. "40 వాట్స్" అని పెద్దక్షరాలతో వేస్తారు, లోపలికి వెళ్లి చదివితే అది కరెంటు తీసుకునే లెక్క, బయటికొచ్చే కాంతి 5 వాట్లే అని ఉంటుంది. మనకి కావాల్సింది ఆప్టికల్ అవుట్‌పుట్, అంటే కాంతిగా బయటికొచ్చే పవర్. మీది నిజంగా 10 వాట్ల ఆప్టికల్ అని నమ్మి లెక్క వేస్తాను.

అద్దం ఎంత ఆపుతుందో చెప్పే కొలత ఓ.డి., అంటే ఆప్టికల్ డెన్సిటీ. ఓ.డి. 1 అంటే పదో వంతు కాంతి లోపలికొస్తుంది. 2 అంటే నూరో వంతు, 3 అంటే వెయ్యో వంతు. అంకె ఒకటి పెరిగితే వచ్చే కాంతి పది రెట్లు తగ్గుతుంది. 10 వాట్లంటే 10,000 మిల్లీవాట్లు. కనిపించే కాంతిలో, రెప్ప వాల్చడానికి పట్టే పావు సెకనులో, కన్ను భరించగలదని ప్రమాణాలు ఒప్పుకునేది సుమారు 1 మిల్లీవాట్. క్లాస్ 2 పాయింటర్ల హద్దు కూడా అదే. పదివేలని ఒకటికి దించాలంటే ఓ.డి. 4 కావాలి. ఇది కనీసం. కిరణం పావు సెకనులోనే పక్కకి తప్పుకుంటుందని హామీ ఏమీ లేదు కాబట్టి 5 గానీ 6 గానీ తీసుకోమని నా సలహా. రేపు మాడ్యూల్ (లేజర్ ఉండే భాగం) మార్చి 20 వాట్లది బిగించినా అవే పనికొస్తాయి.

ఇప్పుడు మీ ఆకుపచ్చ అద్దాల సంగతి. సరిగ్గా అలాంటి జతనే ఒక విద్యార్థి మా ల్యాబ్‌కి తెస్తే పవర్ మీటర్ ముందు పెట్టి చూశాం. నీలి కిరణాన్ని 100 మిల్లీవాట్లకి సెట్ చేశాం. అద్దం అడ్డం పెట్టగానే మీటర్ కిందికి జారి 9 దగ్గర ఆగింది. అంటే ఓ.డి. 1 కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ లెక్కన 10 వాట్ల కిరణం తగిలితే దాదాపు ఒక వాట్ కంట్లోకి వెళ్తుంది. అర వాట్ దాటితేనే లేజర్‌ని క్లాస్ 4లో, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతిలో వేస్తారు. ఆ కుర్రాడు మూడు నెలలుగా వాటితోనే పనిచేస్తున్నాడు. మీటర్ చూశాక చాలాసేపు మాట్లాడలేదు. మీవి కూడా కచ్చితంగా అంతే అని నేను అనను, కానీ గాజు మీదా కాడ మీదా ఏ అంకె ముద్రించకుండా వచ్చిన అద్దాన్ని నమ్మడానికి కారణమే లేదు.

ఇంకోటి గమనించండి. అమ్మకానికి పెట్టినవాటిలో "200 నుంచి 2000 నానోమీటర్ల వరకు రక్షణ" అని రాసి ఉంటే వెంటనే వదిలేయండి. కంటికి కనిపించే కాంతి అంతా సుమారు 400 నుంచి 700 లోపే. 200 నుంచి 2000 దాకా అన్నిటినీ నిజంగా ఆపే అద్దం పెట్టుకుంటే మీకు కటిక చీకటే కనిపించాలి. దాంట్లోంచి గది కనిపిస్తోందంటే ఆ మాట నిజం కాదు. వాటిలో చాలావరకు బ్యూటీ పార్లర్లలో రోమాలు తీసే ఐపీఎల్ మెషీన్ల వెలుగు తగ్గించడానికి చేసినవి, లేజర్‌కి కాదు.

"నేరుగా కిరణం ఎవరు చూస్తారండీ, కింద చెక్క మీద చుక్కనే కదా చూసేది" అని చాలామంది అంటారు. ఆ చుక్క లెక్క కూడా చూద్దాం. తెల్ల కాగితం మీద 10 వాట్లు పడి నలువైపులా చెదిరితే, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మీ కంటి దగ్గర చదరపు సెంటీమీటరుకి సుమారు 3 మిల్లీవాట్లు వస్తాయి. పావు సెకనుకి అనుమతించేది 2.5. అంటే వంగి చూసిన మొదటి క్షణంలోనే హద్దు దాటాం. పైగా నీలి కాంతి వేడితోనే కాదు, రసాయన మార్పుతో కూడా రెటీనాని (కంటి వెనక చూపునిచ్చే పొరని) దెబ్బతీస్తుంది, అది సెకను సెకనుకీ పోగవుతుంది. నిమిషం పాటు తదేకంగా చూస్తే హద్దు 0.2 కంటే కిందికి వచ్చేస్తుంది. ఫోకస్ సరిపోయిందా, లైను సన్నగా పడుతోందా అని మనం ఎంతసేపు చూస్తామో మీకు తెలుసు. దూరం జరిగితే వేగంగా తగ్గుతుంది, మీటరు దూరంలో ఇది పదకొండో వంతు అవుతుంది. అందుకే మెషీన్ మీదికి వంగే అలవాటు ముందు మానుకోండి.

చెక్క, కాగితం సంగతే ఇలా ఉంటే మెరిసే వస్తువులు ఇంకా ప్రమాదం. రంగు పూసిన అల్యూమినియం కీచైన్లు, స్టీలు బాటిళ్లు అద్దంలా పనిచేస్తాయి. డయోడ్ కిరణం ఫోకస్ దాటాక విచ్చుకుంటుంది కాబట్టి దూరం వెళ్లేకొద్దీ కొంత బలం తగ్గుతుంది, అది మన అదృష్టం. మాడ్యూల్ చుట్టూ ఉండే నారింజ షీల్డ్ మెరుపు తగ్గించడానికి బాగానే సాయపడుతుంది, కానీ దాని కింద అర అంగుళం ఖాళీ ఉంటుంది. టేబుల్ ఎత్తులో ముఖం పెట్టి చూసే పిల్లలకి ఆ ఖాళీలోంచే నేరుగా కనిపిస్తుంది.

మరి ఏం కొనాలి? మీ డయోడ్‌కి నారింజ రంగు అద్దాలు. రంగు చూసి మాత్రం కొనకండి, బండి నడిపేటప్పుడు పెట్టుకునే పసుపు అద్దాలూ చూడ్డానికి అలాగే ఉంటాయి. అద్దం మీద చెరిగిపోకుండా ముద్రించిన అంకెలు ఉండాలి, ఆ అంకెల్లో 445 నుంచి 455 దాకా ఇమిడిపోవాలి, ఓ.డి. 5 గానీ అంతకు మించి గానీ ఉండాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 207 ప్రకారం పరీక్షించినవి దొరికితే అవే తీసుకోండి. ఓ.డి. ఒక్కటే చూస్తే వచ్చే చిక్కు ఏమిటంటే, ప్లాస్టిక్ అద్దం కాంతిని ఆపుతూనే కరిగిపోయి చిల్లు పడొచ్చు. ఈఎన్ 207లో నేరుగా కిరణం పడినా అద్దమూ ఫ్రేమూ 5 సెకన్లు తట్టుకోవాలి. ఈఎన్ 208 అని ఇంకోటి ఉంది, అది కిరణాన్ని సరిచేసుకునేటప్పుడు చుక్క కాస్త కనిపించేలా చేసిన అద్దాలకి. మీరు కొనాల్సింది అది కాదు.

ఈఎన్ 207 ముద్ర ఎలా చదవాలో ఒక్కసారి నేర్చుకుంటే జీవితాంతం పనికొస్తుంది. ఉదాహరణకి "1064 డి ఎల్‌బి6 + ఐఆర్ ఎల్‌బి7" అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. మొదటిది తరంగదైర్ఘ్యం. డి అంటే ఆగకుండా వచ్చే కిరణం. ఐ అంటే పల్సులుగా వచ్చేది, ఆర్ అంటే నానోసెకన్లలో వచ్చే చాలా పొట్టి పల్సులు, ఎమ్ అంటే వాటికంటే పొట్టివి. ఎల్‌బి పక్కన ఉన్న అంకె ఎంత బలాన్ని తట్టుకుంటుందో చెబుతుంది. ఇక్కడ "ఐఆర్" అని చూసి ఇన్‌ఫ్రారెడ్ అనుకునేవాళ్లు చాలామంది. అది ఐ, ఆర్ అనే రెండు రకాల పల్సులు, ఇన్‌ఫ్రారెడ్‌తో సంబంధం లేదు. సీఈ గుర్తు ఒక్కటే చూసి మోసపోకండి, దాన్ని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత ఓ.డి. అని చూపించే గ్రాఫ్, పరీక్ష సర్టిఫికెట్ అడగండి. నోయిర్, లేజర్‌విజన్, యూనివెట్, థోర్‌ల్యాబ్స్ లాంటివాళ్లు ఇవన్నీ ఇస్తారు. ధర వేలల్లో ఉంటుంది. మెషీన్ ఖరీదుతో పాటే ఈ ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి.

ఓ.డి. ఎంత ఎక్కువుంటే అంత మంచిదని బాగా ముదురు రంగువి కొనకండి. వీఎల్‌టీ అని ఇంకో అంకె ఉంటుంది, మామూలు వెలుతురు ఎంత శాతం లోపలికొస్తుందో చెప్పేది. అది 20 శాతం కంటే తక్కువైతే గదిలో ఇంకో లైటు వేసుకోవాల్సి వస్తుంది. చీకటిగా ఉంటే మనిషి ఏదో ఒక క్షణంలో అద్దాలు నుదుటి మీదికి నెట్టేస్తాడు, దెబ్బ తగిలేది సరిగ్గా అప్పుడే.

మీరు కళ్లజోడు పెట్టుకుంటారా లేదా రాయలేదు. పెట్టుకుంటే దాని మీద నుంచి పట్టే పెద్ద ఫ్రేము తీసుకోండి, పక్కల నుంచి కూడా మూసుకునేది. కళ్లజోడు షాపులో వేసే బ్లూ కట్ పూత ఈ పనికి ఏమాత్రం చాలదు. 450 దగ్గర అది ఓ.డి. 1 కూడా ఇవ్వదు. కూలింగ్ గ్లాసులైతే ఇంకా తప్పు, అవి వెలుతురు తగ్గించి కంటిపాపని పెద్దది చేస్తాయి, లేజర్‌ని మాత్రం ఆపవు.

కొత్త అద్దాలు చేతికొచ్చాక ఇంట్లో చేసుకోగలిగే చిన్న పరీక్ష ఒకటుంది. ఫోన్ స్క్రీన్ నిండా ముదురు నీలి రంగు బొమ్మ పెట్టి అద్దాల్లోంచి చూడండి. స్క్రీన్ దాదాపు నల్లగా కనిపించాలి. నీలం నీలంగానే కనిపిస్తే ఆ జత తిప్పి పంపేయండి. నల్లగా కనిపించినంత మాత్రాన ఓ.డి. 5 ఉందని రుజువైనట్టు కాదు, అది సర్టిఫికెటే చెప్పాలి. ఇది తప్పుడు సరుకుని ఏరేయడానికి మాత్రమే. లేజర్ వేసి, అద్దాలు ముఖానికి పెట్టుకుని పరీక్షించే పని ఎప్పుడూ చేయకండి.

మంచి అద్దాలతో మొదటిసారి పనిచేసినప్పుడు మీకు వింతగా ఉంటుంది. ఇన్నాళ్లూ కళ్లు జిగేల్‌మనిపించిన నీలి చుక్క మాయమైపోతుంది. చెక్క కాలే చోట సన్నటి నారింజ నిప్పురవ్వ కదులుతూ పోవడం, దాని వెనక గోధుమ రంగు గీత, పైకి లేచే పొగ, ఇవే కనిపిస్తాయి. లేజర్ ఆగిపోయిందేమో అని అద్దాలు ఎత్తి చూడాలనిపిస్తుంది. ఎత్తకండి. ఫ్యాన్ చప్పుడు వినండి, పొగ చూడండి.

ఇక ఫైబర్. దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. 20 వాట్లు అంటే అది సగటు. కిరణం సెకనుకి వేల పల్సులుగా వస్తుంది. సెకనుకి 20,000 పల్సులు అనుకుంటే ఒక్కోదాంట్లో 1 మిల్లీజౌల్ ఉంటుంది. అది 100 నానోసెకన్లలో బయటపడితే ఆ క్షణంలో పవర్ 10,000 వాట్లు. రెప్ప వాల్చే ప్రశ్నే రాదు, మొదటి పల్సుతోనే పని అయిపోతుంది. కనిపించదు కాబట్టి రెప్ప వాల్చాలని కంటికి తెలియదు కూడా. 1064 కాంతి కార్నియాని (కంటి ముందున్న పారదర్శక పొరని), కటకాన్ని దాటుకుని నేరుగా రెటీనా మీద ఫోకస్ అవుతుంది. కార్నియా మీద పడిన దానికంటే లక్ష రెట్లు చిక్కగా అక్కడ పడుతుంది. మెషీన్ చూపించే ఎర్ర గీత గురి చూసుకోవడానికి పెట్టిన చిన్న లైటు మాత్రమే. ఎర్ర గీత నా వైపు రావట్లేదు కదా అని ధైర్యంగా నిలబడినవాళ్లని చూశాను.

మా ల్యాబ్‌లో ఒక సహోద్యోగికి ఇలాగే జరిగింది. 1064 కిరణాన్ని సరిచేస్తూ, కనిపించని కిరణాన్ని చుక్కగా చూపించే కార్డు మీద ఆ చుక్క సరిగా కనిపించట్లేదని అద్దాలు ఒక్కసారి తీశాడు. కంట్లో ఏదో టప్‌మన్నట్టు అనిపించిందన్నాడు. నొప్పి లేదు, రెటీనాలో నొప్పి తెలిపే నరాలే ఉండవు. సాయంత్రానికి పుస్తకం తీస్తే చూసిన అక్షరం చూసినట్టే మాయమవుతోంది, చుట్టుపక్కల అక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చాలా తెలివైనవాడు, జాగ్రత్తపరుడు. ఒక్క అర నిమిషం అద్దాలు తీశాడు, అంతే.

మీరు పేర్లు వేయబోయేది స్టీలు మీద. మన ఇళ్లల్లో పెళ్లికీ గృహప్రవేశానికీ ఇచ్చే గిన్నెలు, కంచాలు ఎలా మెరుస్తాయో తెలిసిందే. గిన్నె బయటి వంపు కిరణాన్ని విరజిమ్ముతుంది. కంచం లోపలి వంపు మాత్రం దాన్ని కూడదీసి ఒకచోట పడేస్తుంది, ఆ చోటు ఎక్కడో ముందే చెప్పలేం. అందుకే ఫైబర్‌ని తెరిచి ఉంచిన స్టాండుతో కాకుండా, మూత తీస్తే కిరణం ఆగిపోయే స్విచ్ ఉన్న పెట్టెతో వచ్చేది కొనండి. దాంతోపాటు 1064కి ఓ.డి. 6 గానీ 7 గానీ ఉన్న అద్దాలు, ముద్రలో డి తో పాటు ఆర్ కూడా ఉండేలా చూసుకోండి. ఈ అద్దాలు చాలావరకు లేత రంగులో, దాదాపు మామూలు అద్దాల్లా ఉంటాయి. నారింజవాటి పక్కన పెడితే ఇవి బలహీనంగా కనిపిస్తాయి, అలా అనుకుని తారుమారు చేయకండి. రెండు జతల కాడలకీ రెండు రంగుల టేపు చుట్టి, అదే రంగు టేపు ఆయా మెషీన్ మీద కూడా అతికించండి. నా షాపులో ఇప్పటికీ అలాగే ఉంటుంది.

డబ్బా విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటి. సీఓ2 మెషీన్లకి పారదర్శకమైన యాక్రిలిక్ మూత ఉండటం చూసి, డయోడ్‌కి కూడా అదే షీట్ తెచ్చి పెట్టె కడతారు. మీ డయోడ్ పారదర్శక యాక్రిలిక్‌ని కోయలేదని ఈపాటికే గమనించి ఉంటారు. ఎందుకు కోయలేదు? నీలి కాంతి దానిలోంచి దాటి వెళ్లిపోతుంది కాబట్టి. దాటి వెళ్లేది మీ కంటికే వస్తుంది. సీఓ2 కిరణాన్ని అదే షీట్ పీల్చుకుంటుంది కాబట్టే అక్కడ అది కోయగలదు, మూతగానూ పనిచేస్తుంది. 1064 కూడా పారదర్శక యాక్రిలిక్‌ని దాటేస్తుంది. మీరు ప్లైవుడ్‌తో గానీ రేకుతో గానీ పెట్టె కట్టించండి, లోపల నల్లటి మ్యాట్ రంగు వేయండి, పొగ పోవడానికి ఫ్యాన్, గొట్టం పెట్టండి. కిటికీ కావాలనిపిస్తే 450కి ఓ.డి. రాసిచ్చిన షీటే వాడండి. లేదంటే లోపల ఒక చౌక కెమెరా బిగించి ఫోన్లో చూసుకోండి, కిరణం పడి కెమెరా పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మూతకి మైక్రోస్విచ్ పెడితే తెరవగానే లేజర్ ఆగుతుంది. పొగతో పాటు నిప్పంటుకునే అవకాశం కూడా ఉంది కాబట్టి మెషీన్ని వదిలి వెళ్లకండి.

పాపకి చిన్న సైజు అద్దాలు కొంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. కొనకండి. పిల్లల ముఖానికి అవి సరిగ్గా అతకవు, పక్కల నుంచి ఖాళీ ఉంటుంది, ఆడుకుంటూ తీసేస్తారు. పెట్టె తయారయ్యేదాకా మెషీన్ని తలుపు వేసుకునే గదిలోకి మార్చండి, లోపల గడియ పెట్టుకుని పనిచేయండి. ఆ గదిలో మీతోపాటు పెద్దవాళ్లు ఎవరున్నా వాళ్లకీ ఒక జత ఉండాలి.

ఎప్పుడైనా కంట్లో మెరుపు పడి, తర్వాత మచ్చ గానీ, గీతలు వంకరగా కనిపించడం గానీ ఉంటే, నొప్పి లేదు కదా అని ఆగకండి. బండి మీరు నడపకండి, అదే రోజు రెటీనా డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లోనైతే ఎల్.వి. ప్రసాద్, సరోజినీ దేవి కంటి ఆసుపత్రులు ఉన్నాయి. తరంగదైర్ఘ్యం, పవర్, ఎంత దూరం నుంచి తగిలిందో కాగితం మీద రాసుకెళ్లండి, డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.

అద్దాలు తుడవడానికి సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు, థిన్నర్ జోలికి వెళ్లకండి. లోతుగా గీత పడినా, ఒకసారి కిరణం తగిలి మచ్చ పడినా ఆ జత మార్చేయాల్సిందే.

మీరు కొనాలనుకుంటున్న జత మీద ఏమేం ముద్రించి ఉందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాయండి. మెషీన్ స్టిక్కర్ మీద ఉన్నది కూడా రాయండి. డబ్బు కట్టేముందే రెండూ కలుస్తాయో లేదో చూసి చెబుతాను.